తీర్పు కెమెరాలోనే, మరి సాక్ష్యం?

బియ్యం బస్తా మీద ‘సార్టెక్స్’ అని అచ్చేసి ఉంటుంది. కొట్టువాడు కూడా “సార్టెక్స్ అండీ, రాయి తగలదు” అనే చెప్పి అమ్ముతాడు. అదొక బియ్యం రకం కాబోలనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది రకం కాదు, లండన్‌లో పుట్టిన యంత్రాల కంపెనీ పేరు. వనస్పతి డాల్డా అయినట్టు, కంపెనీ పేరు కాస్తా పని పేరైపోయింది. మిల్లులో ఆ యంత్రం ముందు నిలబడితే సంగతి ముందు చెవులకే తెలుస్తుంది. పేలాలు వేగుతున్నట్టు ఆగని చిటపట. పైనుంచి బియ్యం వాలు గాడుల్లో జారి పల్చటి తెరలా కిందికి పడుతుంటాయి. తెరకు ముందూ వెనకా కెమెరాలు. నల్లమచ్చ గింజో పసుపు గింజో కనబడగానే, కింద వరుసగా ఉన్న గాలి నాజిళ్లలో ఒకటి తెరుచుకుని దాన్ని పక్కకు ఊదేస్తుంది. ఒక్కో చిటపట ఒక్కో తీర్పు.

ఆ కెమెరాకు తెలిసింది రంగు ఒక్కటే. బియ్యం రంగులోనే ఉన్న తెల్ల ప్లాస్టిక్ తునక దాని కంటికి బియ్యమే. అందుకే కొత్త యంత్రాల్లో మన కళ్లకు కనబడని పరారుణ కాంతిని చూసే కెమెరాలూ చేరుతున్నాయి. ఆ దారిలో చివరిదాకా నడిస్తే హైపర్‌స్పెక్ట్రల్ కెమెరా దగ్గర తేలతాం. ఇటీవల ఇంకో మలుపు వచ్చింది. ఈ కెమెరాలు బొమ్మ తీసి కంప్యూటర్‌కు పంపి ఊరుకోవడం లేదు. అది ఏ పదార్థమో లోపలే తేల్చి, తీర్పు మాత్రం బయటికి పంపుతున్నాయి. ఆ మలుపు వల్ల ఏం బాగుపడింది, ఏం చేజారింది అన్నది ఇక్కడి ప్రశ్న.

మామూలు కెమెరా ఒక్కో చుక్కకు మూడు అంకెలు రాసుకుంటుంది: ఎరుపు ఎంత, పచ్చ ఎంత, నీలం ఎంత. హైపర్‌స్పెక్ట్రల్ కెమెరా అదే చుక్కకు రెండువందల పైచిలుకు అంకెలు రాసుకుంటుంది. ఆ అంకెల గీతే వర్ణపటం. ప్రతి పదార్థంలోనూ పరమాణువుల మధ్య బంధాలు తమకు నచ్చిన తరంగదైర్ఘ్యాల దగ్గర కాంతిని మింగుతాయి. నీరు 970, 1,450, 1,940 నానోమీటర్ల దగ్గర మింగుతుంది. అక్కడ గీతలో గుంట పడుతుంది. గుంటలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసి పదార్థాన్ని పోల్చుకోవడమే ఈ విద్య అంతా. మామూలు సిలికాన్ సెన్సర్ సుమారు 1,000 నానోమీటర్ల దాకా చూస్తుంది. ఆ పైన 1,700 వరకు ఇండియం గాలియం ఆర్సెనైడ్ సెన్సర్ కావాలి. 2,500 దాకా వెళ్లాలంటే పాదరసం, కాడ్మియం, టెల్లూరియం కలిపిన సెన్సర్, దాన్ని గడ్డకట్టే చలిలో ఉంచే యంత్రాంగం కావాలి. మెట్టు ఎక్కేకొద్దీ ధర చుక్కలంటుతుంది. పరారుణ సెన్సర్లకు సైనిక వాడుక కూడా ఉంది గనుక, దేశం దాటించడానికి లైసెన్సుల తతంగం దానికి తోడు.

ఈ విద్యకు తెలుగు నేలతో పాత చుట్టరికం ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు గుంటూరు వచ్చాడు. సూర్యబింబం అంచున ఎగిసే జ్వాలల వెలుగును స్పెక్ట్రోస్కోపుతో విడదీసి, అవి మండే వాయువులని గీతల్ని బట్టి తేల్చాడు. ఆ గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా కనబడాలి కదా అనిపించి మర్నాడు మళ్లీ గురిపెట్టాడు. కనబడ్డాయి. సన్నని చీలికను సూర్యుడి అంచు వెంట మెల్లగా జరుపుతూ జ్వాలల ఆకారం పోల్చుకున్నాడు. హీలియం కథ మొదలైంది ఆ ఏడాది పరిశీలనలతోనే. ఇప్పుడు ఫ్యాక్టరీలో వాడే కెమెరా చేసేదీ అదే పని. చీలిక ఒకచోటే ఉంటుంది, కింద బెల్టు కదులుతుంది. ఒక్కో క్షణం ఒక్కో సన్నటి అడ్డగీతను చూసి, ఆ గీత మీది ప్రతి చుక్కను వర్ణపటంగా విప్పుతుంది. గుంటూరులో చీలిక కదిలింది, ఇక్కడ సరుకు కదులుతుంది. తేడా అంతే.

ఆ తర్వాత చాలాకాలం ఇది ఆకాశంలోనే తిరిగింది. అమెరికాలోని జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ 1987లో విమానంలో ఎగరేసిన అవిరిస్ పరికరానికి 224 బ్యాండ్లు, అంటే చుక్కకు 224 అంకెలు. చంద్రయాన్-1 మీద వెళ్లిన నాసా పరికరం చంద్రుడి నేలలో నీటి జాడను పట్టింది ఈ గుంటల లెక్కతోనే. మన ఇస్రో 2018 నవంబరు 29న శ్రీహరికోట నుంచి హైసిస్ అనే సొంత హైపర్‌స్పెక్ట్రల్ ఉపగ్రహాన్ని పంపింది. కానీ ఉపగ్రహానికి తొందర లేదు. బొమ్మ తీసి కిందికి పంపితే, శాస్త్రజ్ఞులు నెలల తరబడి కూర్చుని లెక్కలు కట్టుకోవచ్చు. బెల్టు మీది బాటిల్ ఆగదు.

ఎంత ఆగదో లెక్క వేద్దాం. ప్లాస్టిక్ వేరుచేసే బెల్టు సెకనుకు మూడు మీటర్లు పరుగెడుతుంది. అంటే మిల్లీసెకనుకు మూడు మిల్లీమీటర్లు. బజారులో దొరికే ఒక మంచి పరారుణ కెమెరా గీతకు 640 చుక్కలు, చుక్కకు 224 బ్యాండ్లు, సెకనుకు 670 గీతలు తీస్తుంది. అంకెకు రెండు బైట్లు వేసుకుంటే సెకనుకు 192 మెగాబైట్లు. సాధారణ గిగాబిట్ కేబుల్ గట్టిగా మోస్తే 125. అంటే కెమెరా చూసినదంతా ఆ తీగలో పట్టదు. గంట సరుకు దాచాలంటే దాదాపు 690 గిగాబైట్లు. అదే కెమెరా లోపలే తేల్చేసి, చుక్కకు ఒక్క అంకె చొప్పున, ‘ఇది ఒకటో రకం, ఇది మూడో రకం’ అని పంపితే సెకనుకు అర మెగాబైటు కూడా కాదు. 448వ వంతు. లోపలి వర్గీకరణ కావాలని ఎందుకు అంటున్నారో ఈ ఒక్క లెక్కే చెబుతుంది.

రెండో కారణం సమయపాలన. కెమెరా గీతకూ నాజిళ్ల వరుసకూ అర మీటరు దూరం ఉందనుకుందాం. బాటిల్ అక్కడికి చేరడానికి 167 మిల్లీసెకన్లు. తీర్పు అంతలోపు రావడం కష్టం కాదు, ప్రతిసారీ ఒకే వ్యవధిలో రావడమే కష్టం. మామూలు కంప్యూటర్ సగటున చాలా చురుకైనదే కానీ, మధ్యలో ఏదో అప్‌డేటో, డిస్కు పనో చూసుకుని పది మిల్లీసెకన్లు తడబడుతుంది. ఆ తడబాటుకు బెల్టు మూడు సెంటీమీటర్లు జరిగిపోతుంది, గాలి దెబ్బ పక్క బాటిల్‌కు తగులుతుంది. నేరం ఒకరిది, శిక్ష ఇంకొకరికి. కెమెరాలో పెట్టే ఎఫ్‌పీజీఏ చిప్‌కు ఇలాంటి పరధ్యానం ఉండదు. దాని తీగలే లెక్క ఆకారంలో అమరి ఉంటాయి. ప్రతి గీతకూ అదే వ్యవధి.

లోపల జరిగే లెక్క ఏమిటని చాలామంది అడుగుతారు. ఇప్పుడు అందరి నోటా కృత్రిమ మేధే గనుక, ఏదో మహా నాడీజాలం (న్యూరల్ నెట్‌వర్క్) ఉందనుకుంటారు. చాలా కెమెరాల్లో ఉన్నది పాత గణాంకశాస్త్రమే. ముందు మూత వేసి తీసిన చీకటి బొమ్మను తీసివేసి, తెల్లపలక బొమ్మతో భాగిస్తారు. తర్వాత గీత ఎత్తుపల్లాలు బయటపడేలా వాలు లెక్కకడతారు. దీనికి సవిట్‌స్కీ, గోలే అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1964లో చెప్పిన పద్ధతే ఇప్పటికీ దిక్కు. ఆపైన రెండువందల అంకెల్ని కొన్ని బరువులతో గుణించి కూడితే, ఒక్కో రకానికి ఒక్కో మార్కు వస్తుంది. ఎక్కువ మార్కు ఎవరిదైతే వారిదే తీర్పు. ఎనిమిది రకాలైతే పై కెమెరాకు సెకనుకు సుమారు 77 కోట్ల గుణింతాలు. ఎఫ్‌పీజీఏకు ఇది పిల్లల లెక్క.

ఆ ‘బరువులు వేసి కూడటం’ మనవాడి చేతి మీదుగా వచ్చింది. రెండు గుంపుల్ని విడదీసే పద్ధతిని 1936లో గణాంకవేత్త ఫిషర్ చెప్పాడు. రెండుకు మించి గుంపులుంటే ఎలా అన్నదానికి 1948లో జవాబు రాసినవాడు కల్యంపూడి రాధాకృష్ణారావు. విశాఖపట్నం ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలో గణాంకవేత్త మహలనోబిస్ దగ్గర పనిచేసి, కేంబ్రిడ్జిలో తవ్వకాల్లో దొరికిన మనుషుల ఎముకల కొలతలు చూస్తున్న రోజుల్లో రాసిన వ్యాసమది. సి.ఆర్.రావు 2023లో నిండు నూరేళ్లు దాటి వెళ్లిపోయారు. ఎముకల కోసం పుట్టిన లెక్క ఇప్పుడు చెత్త బెల్టుల మీద సెకనుకు లక్షల చుక్కల్ని ‘ఇది ఆ గుంపు, ఇది ఈ గుంపు’ అని విడదీస్తోంది. ఫ్యాక్టరీలో ఆ పెట్టె ముందు నిలబడ్డ మన కుర్రాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పరు.

నాడీజాలాలు పనికిరావని కాదు. ఆకారం కూడా చూడాల్సినచోట అవి గెలుస్తాయి. కానీ పరిశోధన వ్యాసాల్లో 99 శాతం, 99.5 శాతం అని ఊదరగొట్టే ఫలితాల్ని కాస్త ఆగి చదవాలి. అందులో ఎక్కువభాగం ‘ఇండియన్ పైన్స్’ అనే ఒకే బొమ్మ మీద ఆడిన ఆటలు. పేరు చూసి మన దేశం అనుకునేరు. అది అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో 1992లో అవిరిస్ తీసిన పొలాల బొమ్మ. 145 చుక్కల పొడవు, అంతే వెడల్పు, 16 రకాలు. అందులో ఓట్స్ పంటకు ఉన్నవి ఇరవై చుక్కలు. ఒకే పొలంలోని పక్కపక్క చుక్కల్లో కొన్నింటితో నేర్పి, మిగతా వాటితో పరీక్ష పెడితే, అది ప్రశ్నపత్రం ముందే లీకైన పరీక్ష. తడిసిన, నలిగిన, బురదపట్టిన బాటిల్ గురించి ఆ మార్కులు ఏమీ చెప్పవు.

ఈ కెమెరాలు చేసేవాళ్లు ప్రపంచంలో తక్కువమందే. ఫిన్లండ్‌లోని ఔలు నగరంలో 1995లో మొదలైన స్పెసిమ్ కంపెనీ ఫ్యాక్టరీ కెమెరాల్లో పేరున్నది. 2020లో దాన్ని జపాన్ కంపెనీ కొనికా మినోల్టా తీసుకుంది. ఆస్ట్రియాలోని గ్రాజ్ ప్రాంతంలో రెండు దారులు కనబడతాయి. ఈవీకే కంపెనీ తన హీలియోస్ కెమెరాల్లో వర్గీకరణను లోపలే పెట్టింది. పర్సెప్షన్ పార్క్ సొంత కెమెరా చేయకుండా, ఎవరి కెమెరా నుంచి వచ్చే వర్ణపటాన్నైనా అక్కడికక్కడే ‘రసాయనపు రంగులు’గా మార్చే సాఫ్ట్‌వేర్ ఇస్తుంది. దీనివల్ల రసాయనం తెలియని యంత్రాల ఇంజినీరు కూడా మామూలు రంగు కెమెరాతో పనిచేసినట్టే చేయొచ్చు. బెల్జియంలోని ఐమెక్ సంస్థది వేరే ఆలోచన: చీలికా వద్దు, కదలికా వద్దు, సెన్సర్ చుక్కల మీదే సన్నని వడపోతలు పొదిగితే ఒక్క క్లిక్కులో 16 లేదా 25 బ్యాండ్లు వస్తాయి. డ్రోన్లకూ చేతి పరికరాలకూ బాగుంది. బెల్టు మీద నాణ్యంగా తేల్చడానికి మాత్రం ఇప్పటికీ చీలిక పద్ధతిదే పైచేయి.

ఇక వాడుక. అన్నిటికంటే ముదిరిన రంగం ప్లాస్టిక్ చెత్త. పాత సామాన్లు ఏరేవాళ్లకు ప్లాస్టిక్‌ను చప్పుడుతో, వంపుతో, కాల్చి వాసనతో గుర్తుపట్టే విద్య ఉంది. నీళ్లతొట్టి కూడా మంచి పరీక్షే. పాలిథిన్, పాలీప్రొపిలీన్ నీళ్ల కన్నా తేలిక, తేలతాయి. నీళ్ల బాటిల్ చేసే పెట్, పైపులు చేసే పీవీసీ రెండూ మునుగుతాయి. చిక్కంతా ఆ రెంటి మధ్యే. వాటి సాంద్రతలు దాదాపు ఒకటే, కంటికి రెండూ గాజులా తళతళలాడతాయి. పెట్‌ను కరిగించడానికి 260 డిగ్రీలు దాటాలి. ఆ వేడికి చాలా ముందే పీవీసీ విరిగి హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరి కక్కుతుంది. అది పెట్ గొలుసుల్ని తెంపుతుంది, సరుకు పసుపెక్కుతుంది, యంత్రం తుప్పుపడుతుంది. టన్ను పెట్‌లో గుప్పెడు పీవీసీ చాలు గొడవకు. ఇక్కడ నీళ్లతొట్టి చేయలేని పని పరారుణం చేస్తుంది. పెట్‌లోని బెంజీన్ వలయం 1,660 నానోమీటర్ల దగ్గర గుంట వేస్తుంది, పీవీసీలో ఆ వలయమే లేదు.

చెప్పినంత సులువు కాదు. 1,660 అంటే ఇండియం గాలియం ఆర్సెనైడ్ సెన్సర్ చూపు సన్నగిల్లే అంచు. సెన్సర్‌ను చల్లబరిస్తే దాని గొణుగుడు (నాయిస్) తగ్గుతుంది కానీ ఆ అంచు ఇంకాస్త ఇవతలికి జరుగుతుంది. అందుకని 1,100 నుంచి 1,250 మధ్య ఉండే బలహీనమైన గుంటల్ని కూడా సాక్షులుగా పిలవాల్సి వస్తుంది. బాటిల్‌కు పైనుంచి కిందిదాకా వేరే ప్లాస్టిక్ తొడుగు లేబుల్ ఉంటే కెమెరా తొడుగును చదివి బాటిల్‌కు తీర్పు చెబుతుంది. తడిగా ఉంటే 1,450 దగ్గర నీరు గోడలా అడ్డం నిలుస్తుంది. నల్ల ప్లాస్టిక్ మరీ మొండి. దాన్ని నల్లగా చేసిన కార్బన్ మసి ఈ పరారుణాన్నంతా మింగేస్తుంది, కెమెరాకు అక్కడ చీకటి తప్ప ఏమీ కనబడదు. 3 నుంచి 5 మైక్రాన్ల దాకా చూసే ఖరీదైన కెమెరా వాడితే, 3.4 దగ్గర కార్బన్-హైడ్రోజన్ బంధం అసలు రూపంలో చిక్కుతుంది. ఒక బిర్యానీ డబ్బా నల్లగా ఉంటే బాగుంటుందని ఎవరో అనుకున్నందుకు ఇంత ఖర్చు. రంగు మార్చుకోవడం చవక కాదా అన్నది నా అనుమానం.

తినే సరుకుల దగ్గరకొస్తే ఆశ ఎక్కువ, జాగ్రత్త తక్కువ. మిర్చిని టార్పాలిన్ పట్టాల మీద ఆరబెడతారు, సంచుల దారాలు తెగి కలుస్తాయి. ఎర్ర మిర్చిలో ఎర్ర ప్లాస్టిక్ పీలికను రంగు కెమెరా వదిలేస్తుంది, పరారుణ కెమెరా పట్టేస్తుంది. అందులో సందేహం లేదు. వేరుశనగలో పెంకు, మట్టిబెడ్డ, గింజ వేరుచేయడమూ అంతే. కానీ ఎగుమతిదారుడిని నిద్రపోనివ్వనిది బూజు నుంచి పుట్టే విషం, అఫ్లాటాక్సిన్. యూరప్ నియమం ప్రకారం ఎండుమిర్చిలో బీ1 రకం అఫ్లాటాక్సిన్ కిలోకు 5 మైక్రోగ్రాములు మించకూడదు. పరారుణ కాంతి నమ్మకంగా పట్టగలిగేది కిలోకు ఒక గ్రాము స్థాయిలో ఉన్న పదార్థాన్ని. రెండు లక్షల రెట్ల తేడా. కెమెరా చూసేది విషాన్ని కాదు, బూజు గింజను పాడుచేసిన తీరును: తేమ, నూనె, రంగు మారడాన్ని. బూజు పట్టిన ప్రతి గింజలోనూ విషం ఉండదు, విషమున్న ప్రతి గింజా పాడైనట్టు కనబడదు. “మా కెమెరా అఫ్లాటాక్సిన్ పట్టేస్తుంది” అని అమ్మేవాడు చెబితే, పాడైన గింజల్ని ఏరి ముప్పు తగ్గిస్తుందని అర్థం చేసుకోవాలి. ల్యాబ్ పరీక్షకు అది బదులు కాదు.

మందుల ఫ్యాక్టరీల్లో కథ వేరు. స్ట్రిప్‌లో అన్నీ తెల్ల మాత్రలే, అందులో ఒకటి వేరే మందుదైతే కంటికి తెలియదు. వర్ణపటానికి తెలుస్తుంది. రేకు అతికించేముందే చూసి పక్కనపెట్టొచ్చు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2004లోనే ఉత్పత్తి జరుగుతుండగానే కొలవండని ప్రోత్సహిస్తూ మార్గదర్శకం ఇచ్చింది. హైదరాబాద్ చుట్టుపక్కల కంపెనీలకు ఆ దేశమే పెద్ద బజారు కనుక దాన్ని పట్టించుకోక తప్పదు. ఇక్కడ కెమెరాలోని లెక్కకు తాళం వేసి ఉండటం దోషం కాదు, గుణం. ఎవరూ చడీచప్పుడు లేకుండా మార్చలేరు. మార్చితే ధ్రువీకరణ మళ్లీ మొదటినుంచి.

గనుల్లో ఈ కన్ను కొన్నిచోట్ల డేగ, కొన్నిచోట్ల గుడ్డి. గూడూరు అభ్రకం 2,200 నానోమీటర్ల దగ్గర స్పష్టంగా పలుకుతుంది. మంగంపేట ముగ్గురాయి, అంటే బెరైట్స్, ఈ మొత్తం పరిధిలో మౌనంగా ఉంటుంది. పలుగురాయీ అంతే. వాటి గుర్తులన్నీ 8 మైక్రాన్లు దాటాక. లోహ మిశ్రమాల్లో ఏది ఎంత ఉందో ఈ కెమెరా చెప్పలేదు, దానికి ఎక్స్‌రే పద్ధతులున్నాయి. పాత బట్టల్లో నూలూ పాలిస్టరూ వేరుచేసే పెద్ద కేంద్రం స్వీడన్‌లోని మాల్మోలో వెలిసింది. కలనేత బట్టల దగ్గర అదీ తడబడుతుంది.

ఇప్పుడు అసలు పేచీ. ఒక రీసైక్లింగ్ షెడ్డులో ఇలాంటిది జరుగుతుంది. ఉదయం షిఫ్టు బాగానే నడుస్తుంది. మధ్యాహ్నానికి పాలిథిన్ బాటిళ్లు కొన్ని తప్పించుకుంటాయి. సాయంత్రానికి ఇంకా ఎక్కువ. ఆపరేటర్ సున్నితత్వం పెంచుతాడు, మంచి సరుకు కూడా ఎగిరిపోతుంది. తగ్గిస్తాడు, మళ్లీ మొదటికొస్తుంది. నాజిళ్లు విప్పి తుడుస్తారు. కంప్రెసర్‌ను అనుమానిస్తారు. దోషం ఎక్కడో ఉంటుంది. కెమెరా గంటకోసారి ఒక తెల్లపలకను చూసి ‘ఇదే నిండు తెలుపు’ అని గుర్తుపెట్టుకుంటుంది. ఆ పలక మీద పాలిథిన్ ధూళి పేరుకుంది. ధూళి గుంటలు వేసిన చోట పలక ‘తక్కువ తెలుపు’ అయింది. ప్రతి వస్తువునూ దానితో భాగిస్తారు కనుక, అన్ని వస్తువుల్లోనూ ఆ గుంటలు కొంత పూడిపోయాయి. అసలు పాలిథిన్ బాటిల్ కూడా తక్కువ పాలిథిన్‌గా కనబడింది. తడిగుడ్డతో అరనిమిషం పని.

ఎవరైనా ఒక్కసారి ముడి వర్ణపటం తెరిచి చూస్తే పది నిమిషాల్లో తెలిసేది. కానీ కెమెరా నుంచి బయటికి వచ్చేది ‘ఒకటో రకం, మూడో రకం’ మాత్రమే. 448 వంతుల్లో 447 లోపలే ఆవిరైపోయాయి. తీర్పు ఉంది, సాక్ష్యం లేదు. అప్పీలుకు వెళ్లడానికి కాగితమే లేదు.

పలక ఒక్కటే కాదు. హాలోజెన్ దీపాలు ముసలివవుతాయి, వాటి కాంతి రంగు మారుతుంది. ఎండాకాలం రేకుల షెడ్డులో వేడికి సెన్సర్ అంచు జరుగుతుంది. పాత కెమెరా చెడి, అదే మోడల్ కొత్తది పెడితే, చీలికా గాజూ అర నానోమీటరు అటూఇటూ కూర్చుని, పాతదానికి నేర్పిన చదువు కొత్తదానికి సరిపోదు. నమూనాల సంగతి మరీ ముఖ్యం. యంత్రం అమ్మినవాళ్లు తమ దేశపు శుభ్రమైన బాటిళ్లతో నేర్పి పంపిస్తే, మన నూనె ప్యాకెట్లూ, పసుపు అంటిన సంచులూ దానికి కొత్త. కెమెరాలో ఉన్నది తెలివి కాదు, ఎవరో ఏరి పెట్టిన నమూనాల జ్ఞాపకం.

శాతాల మాయ కూడా చూడాలి. పదివేల గింజలకు ఒక రాయి ఉందనుకోండి. యంత్రం మంచి గింజను మంచిదని 99 శాతం సరిగ్గా చెబుతుంది. వినడానికి ఘనంగా ఉంది. అయితే ఒక రాయి కోసం వంద మంచి గింజలు ఎగిరిపోతాయి, గాలికి పక్క గింజలు పోయేది అదనం. గంటకు 8 టన్నులు ఆడే మిల్లులో అది 80 కిలోలు. అందుకే మిల్లర్లు రిజెక్షన్‌ను మళ్లీ యంత్రంలో పోస్తారు. వాళ్లకు ఈ గణితం బ్రోచర్లు రాసేవాళ్ల కన్నా బాగా తెలుసు.

నా లెక్కలో లోపలి వర్గీకరణ సరైన దారే. డేటా బరువూ, సమయపాలనా దానికి తిరుగులేని కారణాలు. చాలా మిల్లులకు 224 బ్యాండ్లు అక్కరలేదని కూడా నా ఉద్దేశం. హైపర్‌స్పెక్ట్రల్ కెమెరాతో ల్యాబ్‌లో వెతికి, పనికొచ్చే ఐదారు బ్యాండ్లు తేల్చుకుని, లైను మీద ఆ ఐదారే చూసే చవక కెమెరా పెట్టుకోవడం మేలు. సరుకు రోజుకో రకంగా మారే చెత్త కేంద్రాలకే నిండు వర్ణపటం అవసరం. మన దేశంలో ఆ అవసరం పెరగబోతోంది. 2022 నాటి ప్లాస్టిక్ మార్గదర్శకాలు గట్టి ప్యాకేజింగ్‌లో రీసైకిల్ సరుకు వాటాను తప్పనిసరి చేశాయి, అందుకు శుభ్రమైన పెట్ కావాలి.

కొనేవాళ్లకు మాత్రం ఒక మనవి. సెకనుకు ఎన్ని గీతలు, ఎన్ని బ్యాండ్లు అని అడిగే ముందు మూడు సంగతులు అడగండి. ముడి వర్ణపటం నాకు అందుతుందా? నా నమూనాలతో నేనే మళ్లీ నేర్పుకోవచ్చా, లేక ప్రతిసారీ మీ ఇంజినీరు విమానం ఎక్కాలా? తీర్పు మీద కెమెరాకు ఎంత నమ్మకముందో ఆ అంకె కూడా పంపుతుందా? మొదటిదానికి “డేటా చాలా ఎక్కువండీ, దాచలేం” అంటారు. అన్నీ దాచమని ఎవరూ అడగడం లేదు. వెయ్యి గీతలకు ఒకటి దాచినా పలక మురికిపట్టిన గంట ఏదో తెలిసిపోతుంది. రెండు షిఫ్టులకు అది 11 గిగాబైట్లు. ఒక పెన్‌డ్రైవ్‌లో పడుతుంది.